గిన్నె మా ఇంట్లో, మూత ఆవిడ దగ్గర

మా వంటింట్లో ఏ గిన్నెకీ దాని మూత దొరకదు. ఇది చిన్న ఫిర్యాదేనని ఒప్పుకుంటాను. కాకపోతే పూటపూటా ఎదురయ్యే చిన్న ఫిర్యాదు. పాలగిన్నె మీద పళ్లెం ఉంటుంది. పప్పుగిన్నె మీద పాలగిన్నె మూత ఉంటుంది. అది పప్పుగిన్నెకి కాస్త పెద్దది. ముట్టుకుంటే చాలు, మన మాట నచ్చని పెద్దమనిషిలా అటూ ఇటూ తలాడిస్తుంది. మూతలన్నీ ఎక్కడికి పోతున్నాయని మా అమ్మని అడిగితే, "గిన్నెలు పోలేదు కదరా, సంతోషించు" అంటుంది. నేను బీకాం చదివాను. రెండు వైపులా సమానంగా తేలాలని మూడేళ్లు నేర్పించారు నాకు. మా వంటిల్లు ఒక్కనాడూ తేలలేదు.

ఒక్క గిన్నెకి మాత్రం మూత లేకపోవడానికి సరైన కారణం ఉంది. అది ఆవాలు పోసుకునే చిన్న స్టీలు గిన్నె. అడుగున గులాబీ రంగు గోళ్లరంగుతో ఒక చుక్క. దాని మూత పోలేదు. ఊళ్లోనే, వేరే వాళ్లింట్లో ఉంది. ఆ ఇంటావిడ కిందటి మంగళవారం కన్నుమూశారు.

నాకు వాట్సాప్‌లో తెలిసింది. మేము పని చేసిన శిక్షణ కేంద్రం మూతబడి చాలా కాలమైనా దాని గ్రూపు మాత్రం ఇంకా బతికే ఉంది. "గిన్నెల మేడం ఇక లేరు" అని ఎవరో పెట్టారు. దాని కింద వరసగా దండాలు. మధ్యలో పై మాట చదవని ఒకాయన రోజూ పెట్టే మందారపువ్వు, శుభోదయం. దాని కింద మళ్లీ దండాలు. అవి ఎవరికో చెప్పడం కష్టం.

ఆ కేంద్రం నర్సీపట్నంలో ఒక ఎరువుల కొట్టు పైఅంతస్తులో ఉండేది. పల్లెల్లో చదువు ఆపేసిన పిల్లలకి ప్రభుత్వం డబ్బుతో మూడు నెలలు ఉచితంగా పని నేర్పించి, భోజనం పెట్టి, యూనిఫారం కుట్టించి, ఆ పైన ఉద్యోగంలో చేర్పించాలి. డబ్బు ప్రభుత్వానిది, నేర్పించే బాధ్యత మా సంస్థది, కష్టపడటం పిల్లల వంతు. కుట్టుమిషను, ఆస్పత్రి సహాయం, షాపులో అమ్మకం అని మూడు కోర్సులు. ఏ కోర్సు చేసినా యూరియా వాసనతోనే బయటికి వచ్చేవారు. నా పని కంప్యూటర్ ముందు కూర్చుని ఇవన్నీ ప్రభుత్వం పోర్టల్‌లోకి ఎక్కించడం. ఎవరు వచ్చారు, ఎవరు తిన్నారు, ఎవరి వేలిముద్ర పడింది. వీటికన్నిటికీ గళ్లు ఉండేవి. గడి లేనిది జరగనట్టే లెక్క.

ఆవిడ పని ఊళ్లు తిరిగి పిల్లల్ని తీసుకురావడం. మొబిలైజర్ అనేవారు. హైదరాబాదు హెడ్డాఫీసు లెక్కలో అది అన్నిటికన్నా చిన్న ఉద్యోగం. ఆవిడ తీసుకొస్తేనే మిగతా మా అందరికీ ఉద్యోగం ఉంటుందన్న సంగతి ఆ లెక్కలో రాలేదు.

సన్నగా, పొడుగ్గా, వయసు చెప్పడానికి వీల్లేకుండా ఉండేవారు. తెల్లటి నేత చీర, రబ్బరు చెప్పులు, మగవాళ్లు పట్టుకునే పెద్ద నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచి. సంచిలో గిన్నెలు. మనిషి కనపడక ముందే చప్పుడు వచ్చేది. పుట్టి పెరిగింది మిషన్ కాంపౌండులో. ఆదివారం చర్చిలో వెనక బెంచీ మీద, తలుపు పక్కన కూర్చునేవారు. ఫోను మాత్రం ఆపేవారు కాదు. పాస్టరు గారు ఓసారి మెత్తగా మందలిస్తే, "దేవుడు ఎప్పుడైనా పలుకుతాడండి. హాస్టల్లో పిల్లలకి ఆదివారమే ఫోనిస్తారు" అన్నారట.

ఆవిడకి కొన్ని పద్ధతులుండేవి. మొదటిది, ఎవర్ని చూసినా ముందు చేతులు చూపించమనేవారు. మార్కుల కాగితం తర్వాత. నేను ఆ కేంద్రంలో చేరింది కూడా అలాగే. అప్పటికి నాలుగేళ్లుగా పోటీ పరీక్షలకి తయారవుతున్నాను. అంటే మంచం మీద పడుకుని, పుస్తకం ముఖం మీద పెట్టుకుని ఉండేవాణ్ణి. పక్కింటి అమ్మాయి కోసం వచ్చినావిడ మా గుమ్మంలోంచి తొంగి చూశారు.

"బాబేం సేస్తన్నాడమ్మా?"

"పరీక్షలు రాస్తన్నాడండి" అంది మా అమ్మ.

"ఎప్పటికవుతాయి?"

"అవ్వవండి."

ఆవిడ లోపలికి వచ్చి, "సేతులు సూపించు బాబూ" అన్నారు. చూపించాను. అరచేతులు తిప్పి తిప్పి చూసి, ఎక్కడా ఒక్క కాయ కూడా కాచి లేకపోవడంతో జాలిపడి, "కంప్యూటరుకి పనికొస్తాడమ్మా" అన్నారు. నా అర్హతల గురించి అంత క్లుప్తంగా, అంత సరిగ్గా చెప్పినవాళ్లు ఇప్పటికీ లేరు.

రెండో పద్ధతి గిన్నె. సంచిలోంచి ఒక గిన్నె తీసి మా అమ్మ చేతిలో పెట్టారు. అందులో జంతికలు. మూత మాత్రం మళ్లీ సంచిలో వేసుకున్నారు.

"మూత మర్సిపోయేరండీ" అంది అమ్మ.

"మర్సిపోలేదమ్మా. గిన్నె మీ దగ్గరుంటాది, మూత నా దగ్గరుంటాది. బాబు పన్లో కుదురుకుంటే వచ్చి తీసుకుంటాను. కుదరక మానీసినా వచ్చి తీసుకుంటాను. ఎటు సూసినా నేను మళ్లీ మీ గుమ్మం ఎక్కాలి."

పిల్లని పంపిన ప్రతి ఇంట్లోనూ ఒక గిన్నె. మా సంస్థ పిల్లల తల్లిదండ్రుల చేత ఆరు కాగితాల మీద సంతకాలు పెట్టించుకునేది. ఆ కాగితాలు ఎవరూ చదివేవారు కాదు. మూత లేని గిన్నె మాత్రం రోజూ వంటింట్లో కనిపించేది. దాన్ని చూసినప్పుడల్లా, ఈవిడ మళ్లీ రావాలి అని గుర్తొచ్చేది. రాకపోతే ఏదో ఒక మూలకి పడేద్దామన్నా స్టీలు గిన్నెని ఎవరు పడేస్తారు?

ఇక ఏదో ఒకటి వేసి తెచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగివ్వకూడదని మన తల్లులకి ఎవరూ చెప్పక్కర్లేదు. లేని ఇళ్లలో మొహమాటపడతారని ఆవిడ ముందే చెప్పేవారు. "ఏటీ లేపోతే ఉప్పుకల్లు ఏసియ్యండి. కాళీగా మాత్రం ఇయ్యకండి." అందుకని మా ఆఫీసు బీరువాలో ఫైళ్ల పక్కన బెల్లం ముక్కలు, వేరుశనగలు, ఒక్కోసారి నిజంగానే ఉప్పు. మాకవరపాలెం దగ్గర ఓ ఇంటి నుంచి నాలుగు కోడిగుడ్లు వచ్చాయి. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఆ మర్నాడు తనిఖీకి వచ్చిన ఆఫీసరుకి ఆమ్లెట్ వేశాం. వసతులు సంతృప్తికరం అని రాసి వెళ్లాడు.

నా మొదటి జీతం రాగానే మా అమ్మ గిన్నె నిండా కజ్జికాయలు పోసి సిద్ధంగా ఉంచింది. ఆవిడ వచ్చారు. కజ్జికాయ తిన్నారు. నన్ను కాసేపు చూశారు. "ఈ బాబింకా కుదర్లేదమ్మా. మనసు పరీక్షల మీదే ఉంది. ఉంచండి" అని గిన్నె వదిలేసి వెళ్లిపోయారు. తర్వాత ఏడాదికి వచ్చినప్పుడూ అదే మాట. కొన్నాళ్లకి అమ్మ అందులో ఆవాలు పోసుకుంది.

మూడో పద్ధతి కరపత్రానిది. మా సంస్థ కరపత్రం మీద పెద్ద అక్షరాలతో "నూటికి నూరు శాతం ఉద్యోగ హామీ" అని ఉండేది. ఆవిడ ఆటోలో కూర్చుని, ఆ లైను లోపలికి పోయేట్టు ఒక్కొక్క కాగితాన్నీ మడిచేవారు. మేనేజరు గారు ఇది కనిపెట్టి, "మేడం, అసలు పాయింటే మడిచేస్తున్నారు" అన్నారు. "మడత ఇప్పుకుని సదవాలని రాసుంటే సదువుకుంటారు సారూ" అన్నారావిడ. మా మేనేజరు మంచివాడే. పై నుంచి ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడేవాడు, అంతే.

నూకరత్నం సంగతి చెప్పాలి. కోటవురట్ల దగ్గర పల్లె. పంతొమ్మిదేళ్లు. ఇంటర్ ఆపేసి జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. ఆధార్ సరిచూడటానికి వేలిముద్ర మిషను పట్టుకుని నేనూ వెళ్లాల్సి వచ్చింది. వాళ్ల నాన్న అరుగు మీద కూర్చుని చెరుకు తొక్కతో పళ్లు కుట్టుకుంటున్నాడు. మేం కూర్చోగానే మొదలుపెట్టాడు.

"ఆడపిల్లని అరవదేశం ఒగ్గీమంటారేటండి?"

"మూణ్ణెల్లు ఇక్కడే నేర్పిస్తాం నాయనా. ఆ తర్వాత అక్కడ బట్టల కంపెనీలో పని. హాస్టలుంటాది" అన్నారావిడ.

"ఉంటాది. అన్నీ ఉంటాయి. సంతకం పెట్టేదాకా మీరూ ఉంటారు. తర్వాత ఎవులూ అగుపడరు."

ఆవిడ సంచిలోంచి గిన్నె తీసి అరుగు మీద పెట్టారు. మూత సంచిలో వేసుకున్నారు. ఎందుకో చెప్పారు.

"గిన్నెట్టుకుని నానేటి సేసుకోవాలి?"

"ఏటీ సెయ్యొద్దు. ఉంచు. బాగోలేదని నీ కూతురు అంటే నేనెళ్లి తెస్తాను. తెచ్చేక గిన్నె తీసుకుంటాను."

అతను నవ్వాడు. "ఎందుకు బాగోలేదూ అని మీరే అడుగుతారు. దానికి సెప్పుకోడం రాదు. సర్దుకోవే అంటారు. అందరూ అనీదే కదండి."

"అడగను" అన్నారావిడ. "బాగోలేదంటే సాలు. ఎందుకని అడగను."

అతను చెరుకు తొక్క పడేసి గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూసినట్టు ఒకసారి ఎగరేసి పట్టుకుని, లోపలికి పిలిచాడు. "ఒలే, ఇది సట్టి పక్కన ఎట్టు."

అంతా అయ్యాక అసలు చిక్కు వచ్చింది. నూకరత్నం బొటనవేలు మిషను మీద పెడితే ఎర్రలైటు. చూపుడువేలు, ఎర్రలైటు. పదివేళ్లూ అయ్యాయి. జీడిపిక్క నూనె వేళ్ల చర్మం తినేస్తుంది. ఆ అమ్మాయి వేళ్లు గాజు గోళీల్లా నున్నగా ఉన్నాయి. పని చేసే వాళ్లకి పని నేర్పించడానికి ప్రభుత్వం డబ్బిస్తోంది. పని చేసిన చేతులు మాత్రం ప్రభుత్వం మిషనుకి కనపడవు. పోర్టల్‌లో దీనికి గడి లేదు.

ఆవిడ కంగారుపడలేదు. "ముందు బ్యాచీలో ఇద్దరికి ఇలాగే. పిక్కలు కొట్టడం మానీ. రోజూ కొబ్బరినూనె రాయి. సర్మం మళ్లీ వస్తాది" అన్నారు. మూడు వారాలు వారానికోసారి వెళ్లి ఆ వేళ్లు వెలుతురులో పెట్టి చూసి వచ్చారు. బ్యాచి మొదలయ్యే రోజు పొద్దున్న ఆఫీసులో అందరం చుట్టూ నిలబడ్డాం. నూకరత్నం వేలు పెట్టింది. పచ్చలైటు. ఆవిడ మిషనుని రెండు చేతులతో పట్టుకుని "దేవునికి స్తోత్రం" అన్నారు. మిషను ఏమీ అనలేదు.

మూడు నెలల శిక్షణ అయింది. పిల్లలు రైలెక్కారు. నర్సీపట్నం రోడ్ అని ఒక స్టేషనుంది. అది నర్సీపట్నంలో ఉండదు. మధ్యలో ఉన్నది రోడ్డు, పేరులో మోసం లేదు. ఆ రోడ్డంతా ఆటోలో పిల్లలతో పాటు ఆవిడా వెళ్లి, రైలు కదిలాక వచ్చారు.

ఇక్కడ ఒక నిబంధన చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. పిల్లలు ఉద్యోగంలో చేరితే చాలదు, మూడు నెలలు ఉండాలి. బ్యాచిలో తగినంతమంది అలా ఉంటేనే ప్రభుత్వం మిగతా డబ్బు విడుదల చేస్తుంది, తర్వాతి బ్యాచి ఇస్తుంది. వేడికి, తిండికి తట్టుకోలేక కొంతమంది ముందే వచ్చేశారు. మిగిలినవాళ్లతో మేము సరిగ్గా గీత మీద నిలబడి ఉన్నాం. ఒక్కరు తగ్గినా గీత కిందికి వెళ్తాం.

ఆ మూడు నెలలకి ఇంకా పదకొండు రోజులున్నాయనగా, ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఆవిడ ఫోను మోగింది.

సోమవారం పొద్దున్నే మేనేజరు గదిలోకి వచ్చి నిలబడ్డారు. "నూకరత్నాన్ని తేడానికెల్తన్నాను సారూ. బుధవారం దాకా రాను."

మేనేజరు నాకేసి చూశాడు. నేను స్క్రీను మీద పదకొండు అని చూపించాను. నా పని అది.

"ఏమైందట?" అన్నాడు.

"బాగోలేదంది."

"అంటే? జ్వరమా? ఎవరైనా ఏమైనా అన్నారా? వార్డెన్‌తో నేను మాట్లాడతాను."

"అడగలేదు సారూ."

"ఫోన్ చేసి బాగోలేదంటే ఎందుకని అడగలేదా మీరు?"

"అడగనని వాళ్ల నాన్నకి మాటిచ్చేను. అడిగితే కారణం సెప్పుకోవాలి. సెప్పుకోలేనిదైతే అక్కడే ఉండిపోతాది."

మేనేజరు లేచి నిలబడ్డాడు. పై నుంచి ఫోను రాకుండా లేవడం అదే మొదటిసారి. "మేడం, పదకొండు రోజులు. పన్నెండో రోజు నేనే కారు కట్టించి పంపిస్తాను. ఒక్క అమ్మాయి కోసం వచ్చే బ్యాచి పోతుంది. ముప్ఫై మంది పిల్లలు. వాళ్లు ఊళ్లో కూర్చోవాలి. మీరే తిరిగి తెచ్చిన పిల్లలు."

ఇది ఉత్త మాట కాదు. ఆ ముప్ఫైమంది పేర్లూ నా దగ్గరున్నాయి. ఆవిడకి అందరి ఇళ్లూ తెలుసు, గిన్నెలు కూడా పెట్టి వచ్చారు. గొడుగు పిడి తిప్పుతూ నిలబడ్డారు.

"మాటిచ్చినప్పుడు పదకొండు రోజులాగి అనలేదు సారూ" అన్నారు చివరికి.

మేనేజరు నావైపు తిరిగాడు. "మీరు చెప్పండి. చదువుకున్నవారు. ఆవిడ మిమ్మల్ని బాబూ అంటారు, మీ మాట వింటారు."

ఆవిడా నావైపు చూశారు. ఆ చూపులో బతిమాలడం ఏమీ లేదు. నేను ఏమంటానో విందామని చూశారు, అంతే.

సరిగ్గా అప్పుడే ప్రింటరులో కాగితం ఇరుక్కుంది. నేను లేచి వెళ్లి, మూత తీసి, చాలా శ్రద్ధగా లోపల చూశాను. నిజానికి ఏమీ ఇరుక్కోలేదు. నేను మూత వేసి తిరిగేసరికి గిన్నెల చప్పుడు మెట్లు దిగిపోతోంది.

గురువారం వచ్చారు. నూకరత్నాన్ని ముందు ఇంటి దగ్గర దింపి, ఆ తర్వాతే ఆఫీసుకి. వాళ్ల నాన్న లోపలికి వెళ్లి, గిన్నె నిండా జీడిపప్పు పోసి తెచ్చాడట. ముక్కలు కాదు, నిండు పప్పు. ఆవిడ సంచిలోంచి మూత తీసి టక్కున పెట్టారు. ఆ గిన్నెని అలాగే తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టి, "తినండి సారూ" అన్నారు. ఆయన తినలేదు. నేను తిన్నాను. ఆ వ్యవహారం మొత్తంలో నేను చేసిన పని అదొక్కటే.

అక్కడ ఏం జరిగిందో నూకరత్నం ఎప్పటికైనా చెప్పిందో లేదో నాకు తెలియదు. ఆవిడ అడిగి ఉండరు.

గీత కిందికి వెళ్లాం. తర్వాతి బ్యాచి ఆగిపోయింది. హెడ్డాఫీసు ఒక మెయిలు పంపింది, దాన్ని బట్టి మేనేజరు నన్ను ఒక కాగితం తయారు చెయ్యమన్నాడు. మొబిలైజరు సేవలు ఇకపై అవసరం లేదని. ఇంగ్లీషులో. మేనేజరు రాసిచ్చిన దాంట్లో రెండు వ్యాకరణ దోషాలుంటే దిద్దాను. చివర, ఇంతకాలం చేసిన సేవకి కృతజ్ఞతలు అని ఒక వాక్యం నేనే చేర్చాను. ఆ వాక్యం చేర్చినందుకు ఒక పూటంతా నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆవిడ ఆ కాగితం నా బల్ల దగ్గరికే తెచ్చారు. "ఏటి రాసేరో సదివి సెప్పు బాబూ."

చదివి, తెలుగులో చెప్పాను. నేను చేర్చిన వాక్యం కాస్త నెమ్మదిగా చెప్పాను. ఆవిడ అంతా విని, కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకున్నారు. "ఆకరిది బాగుంది. నీదేనా?" అన్నారు. ఔనన్నాను. "గిన్నె జాగర్తని మీ అమ్మకి సెప్పు" అని మెట్లు దిగిపోయారు.

ఆ తర్వాత ఇంకొక మొబిలైజరుని పెట్టారు. బైకు, టై ఉన్న కుర్రాడు. కరపత్రాలు మడత పెట్టకుండా పంచాడు. ఏ ఊరు వెళ్లినా ఆడవాళ్లు బయటికి వచ్చి, "గిన్నెలావిడ రాలేదేటి?" అని అడిగి లోపలికి పోయేవారట. ఏడాది తిరక్కుండా కేంద్రం మూసేశారు. ప్రభుత్వం డబ్బు ఉంది, మిషన్లు ఉన్నాయి, నేనూ ఉన్నాను. పిల్లలు లేరు.

నేనొక ఆడిటరు గారి ఆఫీసులో చేరాను. ఆవిడ మాత్రం ఊళ్లు తిరగడం మానలేదని వినేవాణ్ణి. జీతం లేదు, పోర్టల్ లేదు. గొడుగు, సంచి. అచ్యుతాపురం వైపు కంపెనీల్లో ఎవరికి మనుషులు కావాలో కనుక్కుని, పొద్దున్నే కంపెనీ బస్సు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లి ఎక్కించేవారట. నూకరత్నం అలాగే ఎక్కింది. ఇంటి నుంచే వెళ్లి వస్తూ, అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఒక లైను మొత్తానికి సూపర్‌వైజరు. మేము నేర్పిన కుట్టుపనితోనే. మా లెక్కల్లో ఆ అమ్మాయి ఇప్పటికీ "మధ్యలో మానేసినవారు" అన్న గడిలోనే ఉంది.

గిన్నె ఎందుకు తిరిగివ్వలేదని అడగొచ్చు. నర్సీపట్నం అంత పెద్ద ఊరేమీ కాదు. అబీద్ సెంటర్లో వారానికోసారైనా ఆ చప్పుడు వినపడేది. వినపడగానే నేను పక్కనున్న మందుల షాపులోకి వెళ్లి దగ్గుబిళ్లలు కొనేవాణ్ణి. నాకు దగ్గు లేదు. షాపాయన మాత్రం నా ఊపిరితిత్తుల గురించి నిజంగా బెంగపెట్టుకున్నాడు. "గిన్నె పట్టుకెళ్లి ఇచ్చీరా, నాలుగు అరిసెలు ఏసిస్తాను" అని మా అమ్మ ఎన్నిసార్లు అందో. ఆవిడే వస్తానన్నారు కదా అనేవాణ్ణి. నిజమే కదా, వస్తాననే అన్నారు.

శనివారం మధ్యాహ్నం చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక అని గ్రూపులో పెట్టారు. గిన్నెలు ఉన్నవాళ్లు తీసుకురండి, మూతలు ఉన్నాయి అని కింద ఇంకొక మెసేజు. అమ్మ పాయకరావుపేటలో మా చెల్లెలింట్లో ఉంది. నేనే గిన్నె కిందికి దింపాను. ఆవాలు ప్లాస్టిక్ డబ్బాలో పోశాను. గిన్నెని చింతపండుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు తోమాను. గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి, కవరులో పెట్టుకున్నాను. ఇంత బాధ్యతగా ఏ పనీ చేసి ఎరగను.

కూడిక అయ్యాక వరండాలో ఒక బల్ల. దాని వెనక నూకరత్నం. మనిషి నిండుగా అయింది, మెడలో కంపెనీ గుర్తింపు కార్డు అలాగే ఉంది, పనిలోంచి తిన్నగా వచ్చినట్టుంది. పక్కన ఒక బియ్యం సంచి. ఆవిడ మంచం కింద దొరికిందట. దాంట్లో మూతలు. ప్రతి మూత లోపలా గోళ్లరంగుతో ఊరు, పేరు. ఎక్కువ లేవు. గిన్నె వెనక్కి వచ్చినప్పుడల్లా మూత సంచిలోంచి దాని మీదికి చేరేది కాబట్టి, మిగిలినవి ఇంకా తెమలని వాళ్లవే.

నా ముందు ఎస్. రాయవరం కుర్రాడొకడు. విశాఖపట్నంలో ఏదో ఆస్పత్రిలో చేస్తున్నానని చెప్పాడు. అతని గిన్నెలో కొబ్బరుండలు. నూకరత్నం మూత వెతికి పెట్టి, గిన్నె బల్ల మీద వరసలో ఉంచింది. అప్పటికే ఒక వరస ఉంది. ఒక్కొక్క గిన్నెలోంచి ఒక్కొక్క వాసన.

నా వంతు వచ్చింది.

"కాయితం సదివి సెప్పినాయన కదండి మీరు?" అంది నూకరత్నం. కోపంగా ఏమీ కాదు, పోల్చుకుంది.

ఔనన్నాను.

సంచిలో వెతికి ఒక మూత తీసింది. లోపల రాసింది చదివి, నవ్వు ఆపుకుంటూ నాకు చూపించింది. గులాబీ అక్షరాలు. "బీకాం బాబు. ఇంకా కుదర్లేదు."

ఆ అమ్మాయి మూత తీసుకుని నా గిన్నె మీద పెట్టింది. టక్కుమని కూర్చుంది. మా ఇంటి గిన్నెకి దాని మూత సరిపోవడం నేను పుట్టాక అదే చూడటం. వరసలో పెట్టబోయి ఆగింది. గిన్నెని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. మూత మళ్లీ తీసి లోపలికి చూసింది. నేను అంత మెరిసేలా తోమిన అడుగు కనపడి ఉంటుంది.

తలెత్తి నాకేసి చూసింది.

"ఏటండీ, కాళీ గిన్నె తెచ్చేరు?"